గోలకొండకు రెండు రోజులు

పెళ్ళయి ఇరవై సంవత్సరములు నిండినా, కేవలం ఊరు చూడటానికని మేమిద్దరం కలిసి ఒక్కసారి కూడా బయలుదేరలేదు. కూటములకు వెళ్ళాము, పెళ్ళిళ్ళకు వెళ్ళాము, భూస్థాపనలకు వెళ్ళాము. "ఎప్పుడైనా గోలకొండ చూపిస్తారా అండీ?" అని మా శ్రీమతి కాపురానికి వచ్చిన కొత్తలో అడిగింది. చూపిస్తామన్నాము. మూడుసార్లు ప్రయాణం కట్టి మూడుసార్లూ మానుకున్నాము. ఒకసారి సంఘములో మరణం, ఒకసారి తుఫాను, మూడవసారి కేవలం మా అశ్రద్ధ. ఆ తరువాత ఆమె అడగటం మానేసింది. అడిగినప్పుడు కలగని భయం, అడగనప్పుడు కలిగింది.

గనుక ఈసారి క్రిస్మస్, నూతన సంవత్సర ఆరాధనల హడావిడి తీరిన తరువాత, జనవరి నెలాఖరులో సోమ, మంగళవారములు ఎంచుకున్నాము. ఎండలు ముదిరితే గోలకొండ బండలు కాలిపోతాయి. చలికాలమే అనుకూలం.

బస విషయం సులువుగానే తేలింది. మా సంఘస్థుల అబ్బాయి ఒకడు సినిమా షూటింగులలో లైట్ల పని చేస్తూ ఫిలింనగర్ బస్తీలో కాపురముంటున్నాడు. "అయ్యగారూ, అమ్మగారిని తీసుకుని మా ఇంటికే రండి. హోటలు మాట ఎత్తవద్దు" అని ఫోను చేశాడు.

ఇక మేము కాగితం తీసి జాబితా వ్రాశాము. చార్మినారు, సాలార్‌జంగ్ మ్యూజియం, జూపార్కు, ట్యాంక్‌బండ్, స్టూడియోలు, గోలకొండ, కుతుబ్‌షాహీ సమాధులు, ఇంకా నాలుగు. పదకొండు స్థలములు, రెండు దినములు! మా శ్రీమతి కళ్ళజోడు పెట్టుకుని చదివింది. "ఇది విహారమా, దండయాత్రా అండీ? నాకున్నవి రెండే మోకాళ్ళు" అన్నది. మెట్లెక్కటం తగ్గించమని నిరుడు డాక్టరుగారు చెప్పిన మాట, జాబితా వ్రాసేటప్పుడు మాకు గుర్తే రాలేదు. ఆమె కలం తీసుకుని తొమ్మిది పేర్లు కొట్టివేసింది. సమాధులు, గోలకొండ మిగిలాయి.

సికింద్రాబాదులో రైలు దిగినవారు దగ్గరలోని ఈస్టు స్టేషనులో మెట్రో ఎక్కితే, మధ్యలో బండి మారకుండా జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో దిగవచ్చు. అక్కడినుండి ఫిలింనగర్‌కు ఆటో. మద్రాసులో పాతుకున్న తెలుగు సినిమా పరిశ్రమను హైదరాబాదుకు తెచ్చినవారిలో అక్కినేని నాగేశ్వరరావుగారు ముఖ్యులు. వారి అన్నపూర్ణ స్టూడియో 1976లో ప్రారంభమైంది. తరువాత రామానాయుడుగారు, కృష్ణగారు కూడా ఇటే స్టూడియోలు కట్టారు. ఒకప్పుడు బండరాళ్ళ గుట్టలైన చోట నేడు పెద్ద పెద్ద భవనములు. మాకు కనబడింది ఎత్తైన గోడలు, మూసిన గేట్లు మాత్రమే. ఆ గోడలకు కొద్ది దూరంలోనే బస్తీలో రెండు గదుల ఇల్లు. అందులో ఒక గది మాకిచ్చి, నలుగురూ ఒక గదిలో పడుకున్నారు ఆ ఇంటివారు. ఆ రాత్రి తిన్న పప్పుచారు, వేయించిన చేప ఏ హోటలులోనూ దొరకవు.

ఫిలింనగర్ నుండి షేక్‌పేట మీదుగా సమాధులు నాలుగైదు కిలోమీటర్లే. సోమవారం మధ్యాహ్నం అక్కడికి వెళ్ళాము. గోలకొండను 1518 నుండి 1687 వరకు ఏలిన కుతుబ్‌షాహీల గుమ్మటములవి. ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, ప్రభుత్వం కలిసి 2013లో మొదలుపెట్టిన మరమ్మతులు 2024లో ముగిశాయి. ఇబ్రహీం కుతుబ్‌షా సమాధి దగ్గర కొంతసేపు నిలిచాము. ఆయన తెలుగు కవులను ఆదరించగా వారాయనను ప్రేమతో మల్కిభరాముడని పిలుచుకున్నారు. ఆయన కుమారుడు మహమ్మద్ కులీయే 1591లో హైదరాబాదును కట్టించినవాడు. ఆ కులీ కుమార్తె హయత్ బక్షీ బేగం సమాధి కూడా అక్కడే ఉంది. విజయవాడ రోడ్డున వచ్చేవారికి తగిలే హయత్‌నగర్ ఆమె పేరనే వెలసింది. చివరి రాజు తానీషాకు మాత్రం తనవారి మధ్య చోటు దొరకలేదు. దౌలతాబాదు చెరలో కన్నుమూశాడు.

అక్కడ ఒక చెట్టు నీడలో గంటన్నర కూర్చున్నాము. తలుపు తట్టేవారు లేరు. ఆ గంటన్నరలో ఆమె చెప్పిన సంగతులలో సగం మాకు కొత్తవే. ఒకే ఇంట్లో ఉంటూ ఇన్ని సంగతులు ఎలా తెలియకపోయాయో!

మంగళవారం ఉదయం, గేటు తీసిన వేళకే కోటకు చేరుకున్నాము. ఆ అబ్బాయికి ఆనాడు షూటింగు లేదు గనుక వెంట వచ్చాడు. ఏనుగులు కుమ్మకుండా తలుపులకు ఇనుప మేకులు కొట్టారు. కొండమీదికి నీరు చేర్చటానికి మట్టి గొట్టములు వేశారు. భద్రాచల రామదాసును ఉంచిన చెరసాల కూడా చూపిస్తారు. ఇంత బలమైన కోటను ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించినా గెలవలేక, చివరికి లోపలివాడొకడు ద్వారం తీయగా ప్రవేశించింది.

శిఖరాన బాలాహిస్సార్ వరకు మూడువందలకు పైగా మెట్లు. ద్వారం లోపలి గుమ్మటం క్రింద చప్పట్లు కొడితే ఆ పైన వినబడుతుంది. శత్రువు వస్తే హెచ్చరించటానికి చేసిన ఏర్పాటని చెబుతారు. "మీరు వెళ్ళండి. సరిగ్గా పదిగంటలకు మూడేసి చప్పట్లు రెండుసార్లు కొడతాను" అని మా శ్రీమతి క్రిందనే ఉండిపోయింది.

ఆ అబ్బాయితో కలిసి పైకెక్కాము. పది అయింది, ఏమీ వినబడలేదు. బడిపిల్లల కేకలు, ఫొటోల సందడి, మా ఆయాసం. అబ్బాయి ఫోను చేసి, "అమ్మగారూ, ఇంకొకసారి కొట్టండి" అన్నాడు. "ఇప్పటికి నాలుగుసార్లు కొట్టాను నాయనా" అన్నదామె. ఇంతలో ఉపాధ్యాయుడొకరు పిల్లలను గదమాయించగా, ఒక్క నిమిషం అంతా సద్దుమణిగింది. అప్పుడు వినబడింది. సన్నగా, స్పష్టంగా, మూడు, మరల మూడు.

పైన చూడవలసినవి ఇంకా ఉన్నా మేము ఆగలేదు, దిగివచ్చాము. "వినబడిందా?" అని అడిగింది. వినబడిందన్నాము. "పోనీలెండి, ఇరవై ఏళ్ళకైనా" అని నవ్వింది. నవ్వుతూ అన్నా, ఆ మాట మాతోపాటే ఇంటికి వచ్చింది.

ప్రియ చదువరులారా, మీరు కూడా ప్రయాణం కట్టండి. పెద్ద ఖర్చు అక్కరలేదు. క్యాలెండరు మీద తేదీ ముందే గుర్తు పెట్టుకోండి. పది చోట్లు కాదు, రెండు చాలు. జాబితా వ్రాయకముందే ఇంటివారిని అడగండి, వారి మోకాళ్ళను కూడా అడగండి. వచ్చే జనవరికి మా ఇంట జాబితా వ్రాసేది మా శ్రీమతే. అందులో మొదటి పేరు మెదక్ దేవాలయము. కలం ఆమె దగ్గరే ఉంది.