పేరులో తెలుగు, ఆట పొరుగూళ్లలో

తెలుగు టైగర్స్ అని ఒక జట్టు ఉండేది. సూర్యాపేటలోనో కోదాడలోనో ఆ పేరు చెబితే కబడ్డీ జట్టా అని అడుగుతారు. కాదు, అది ఫుట్‌సాల్ జట్టు. హాలు లోపల, గట్టి నేల మీద, గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురు ఆడే ఫుట్‌బాల్. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు చాలు. బంతి చిన్నది, ఎక్కువ ఎగరదు. దాన్ని అరికాలితో అదిమి ఆపి, రెప్పపాటులో పక్కవాడికి అందించాలి. చూస్తున్నవాళ్లకు ఊపిరాడదు. నాకు ఆ ఆటంటే ప్రాణం.

ప్రీమియర్ ఫుట్‌సాల్ అనే లీగ్ 2016 జూలైలో చెన్నై, గోవాలలో మొదలైంది. లూయిస్ ఫిగో అధ్యక్షుడు, విరాట్ కోహ్లీ ప్రచారకర్త. రొనాల్డినో, ర్యాన్ గిగ్స్, పాల్ స్కోల్స్ వంటి వాళ్లు మన దేశపు కుర్రాళ్ల పక్కన నిలబడి ఆడారు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య మాత్రం ఈ లీగ్‌ను గుర్తించలేదు. మరుసటి ఏడు రెండో సీజన్‌లో తెలుగు టైగర్స్ వచ్చింది. యజమానుల్లో నటుడు రానా దగ్గుబాటి ఒకరు. బాహుబలి రెండో భాగం వచ్చిన ఏడాది, ఇంకేం కావాలి!

కావలసింది ఒక్కటే, అది జరగలేదు. ఆ సీజన్ ఆటలు ముంబైలో, బెంగళూరులో, చివరికి దుబాయ్‌లో పెట్టారు. తెలుగు పేరు మోసిన జట్టును తెలుగు నేల మీద చూసే భాగ్యం మనకు దక్కలేదు. మూడో సీజన్ లేదు. లీగ్ పోయింది, దాంతోపాటే జట్టూ పోయింది.

ఫుట్‌బాల్ మనకు అంటదనే మాట నేను ఒప్పుకోను. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1962 ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలోనే భారత్ బంగారు పతకం తెచ్చింది. ఆ జట్టులో మన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఉన్నాడు. పోలీస్ జట్టుకు ఊరుండేది, ఊళ్లో మైదానముండేది.

మా జనానికి ఆటలంటే ఎంత ఆశో 2021 మార్చిలో సూర్యాపేట చూసింది. జూనియర్ జాతీయ కబడ్డీ పోటీల మొదటిరోజే గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. అంతమంది వచ్చే చోట, వాళ్లు భద్రంగా కూర్చునే ఏర్పాటు ముందు కావాలి.

ఫుట్‌సాల్‌కు పెద్ద స్టేడియం అక్కర్లేదు. అంతర్జాతీయ పోటీలు కాకపోతే 25 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు ఉన్నా నియమాలు ఒప్పుకుంటాయి. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో వడ్లు ఆరబోసే గచ్చు అంతకంటే పెద్దది. పని లేని సాయంత్రాలు దాన్ని పిల్లలకు వదిలితే ఆట మొదలవుతుంది. గోలు స్తంభాలు తర్వాత తెచ్చుకోవచ్చు.