ఉసిరిచెట్టు క్రింది పొయ్యి

కార్తిక మాసము వచ్చినదనిన వనభోజనముల మాట రాని తెలుగిల్లుండదు. మా యింట నాగులచవితి వెళ్ళినది మొదలు పిల్లలు గోడమీది క్యాలెండరుకడ నిలిచి ఆదివారములు లెక్కపెట్టుచుందురు. మావారు బడిపంతులు, వారికి తీరిక దొరకునది ఆ దినమొక్కటియే. ఏటేట ఒక యాదివారమున మేము బెజవాడనుండి కృష్ణ దాటి, ఉండవల్లికడ నొక జామతోటకు పోవుదుము. ఆ తోట మా మామగారికడ చదువుకొన్న యొక రైతుగారిది. మామగారు గతించి యేండ్లయినను ఆ కుటుంబమువారు మమ్ములను మరువలేదు. తోటలో బావి కలదు. బావిగట్టున పెద్ద యుసిరిచెట్టు కలదు. కొంచెము గట్టిగా నడచిన పావుగంటలో ఉండవల్లి గుహాలయములు చేరవచ్చును. వనభోజనమున కింతకంటె నేమి కావలయును?

సోదరీమణులారా, ఈ ప్రశ్న మగవారి నడిగినచో ఏమియు నక్కరలేదనియే చెప్పుదురు. మనల నడుగువారు లేరు. మనకు వనభోజనమనగా వంటయిల్లు మారుట. ఇంట గ్యాసుపొయ్యి యుండగా తోటలో మూడు రాళ్ళు పేర్చి, పచ్చిపుల్లలు ఊది, కన్నీరు కార్చుట. ముందునాటి రాత్రి గిన్నెలు, గరిటెలు, పప్పులు, పోపుడబ్బా మూటలు కట్టవలెను. తెల్లవారుజామున లేచి తలస్నానములు చేసి పిల్లలను లేపవలెను. తోట చేరినది మొదలు బియ్యము కడుగుట, కంద చెక్కుట, ఆ కంద దురదకు చేతులు చింతపండుతో రుద్దుకొనుట. పిల్లలు దాగుడుమూత లాడుచుండగా, మగవారు చాపమీద రాజకీయములు చక్కబెట్టుచుండగా, మనము ఉప్పు తెచ్చితిమా, మరచితిమా యని మూటలు వెదకుచుందుము. వడ్డన ముగిసి మనము విస్తరిముందు కూర్చుండునప్పటికి ప్రొద్దు వాలును. అంట్లు తోముటయు మన పాలిటిదే.

చిన్ననాట మా తండ్రిగారు మాకు భాగవతము చెప్పునపుడు, దశమస్కంధమున గోపబాలురు యమునాతీరమున చల్దులారగించు ఘట్టము మాకు మిక్కిలి ప్రియముగా నుండెడిది. ఊరుగాయముక్కలు వ్రేళ్ళసందున నిరికించుకొని ఒకరినొకరు ఊరించుకొను ఆ పిల్లలను తలచుకొని నవ్వుకొనెడివారము. పెండ్లియై పదునైదేండ్లు గడచిన పిమ్మట ఇప్పుడది చదివిన వేరొక తలపు వచ్చుచున్నది. ఆ చల్దిమూటలు తెల్లవారుజామున లేచి కట్టియిచ్చిన తల్లులు ఆ యిసుకతిన్నెలమీద లేరు.

పోయిన యేటి వనభోజనమునాడు మా యమ్మాయి గుహలు చూచి పరుగున వచ్చి, పొయ్యికడ నున్న మా యత్తగారి నడిగినది: "నాయనమ్మా, గుహలో పండుకొన్న స్వామి అంత పొడుగున్నాడెందుకు?"

"నాకేం తెలుసమ్మా, నేను చూడందే" అని వారు పులుసు కలుపుచుండిరి.

"అదేమిటి, నువ్వు ప్రతి ఏడూ వస్తావుగా!"

"వస్తాను. పొయ్యిదగ్గరికి వస్తాను."

ఆ మాటలో నిష్ఠురము లేదు. నిష్ఠురముండిన మాకంత బాధ కలుగకపోవును. మా యత్తగారు 1972వ సంవత్సరమున కాపురమునకు వచ్చిరి. అనగా ఏబదియేండ్లకు పైగా ఆ యుసిరిచెట్టు క్రిందికి వచ్చుచున్నారు. ఏటేట ఎవరిచేతనో స్వామికి టెంకాయ పంపుదురు. తిరిగివచ్చిన చిప్పను కన్నులకద్దుకొందురు. ఆ కొండ మాత్రము ఎక్కలేదు. సిగ్గువిడిచి మరియొకటి చెప్పవలెను. మేము ఈ పదునైదేండ్లలో రెండుమారులు గుహలలోనికి పోయి చూచివచ్చితిమి. ఆ రెండుమారులును గిన్నెలకడ కావలి కూర్చున్నది వారే. ఆ సంగతి మాకప్పుడు తోచనైనను తోచలేదు.

ఈ సంవత్సరము వారి మోకాళ్ళు మరింత క్షీణించినవి. మెట్లెక్కుట ఇకమీదట తగ్గింపవలెనని వైద్యులు చెప్పిరి. కావున నాగులచవితినాడే మేము మావారితో, "ఈమారు వంట ఇంటనే చేసి తెచ్చుకొందము. ఆడువారమందరము గుహలకు పోవుదుము. మీరును మఱదిగారును మూటలు కాచుచు కూర్చుండవలెను" అంటిమి. మావారు కొంతసేపు ఏమియు ననలేదు. పిదప, "కూర్చుండుట కేమి కష్టము" అనిరి. ఆ మాట మేము జ్ఞప్తియందుంచుకొంటిమి.

అసలు ప్రతిఘటన ఆడువారినుండియే వచ్చినది. మా తోడికోడలు, "వండి తెచ్చుకున్నది వనభోజనమెట్లా అవుతుందక్కయ్యా? హోటలు పొట్లాలు విప్పుకున్నట్టే" అనినది. మా యత్తగారును, ఉసిరిచెట్టు క్రింద పొయ్యి వెలుగనిది తామెన్నడును చూడలేదనిరి. ఉసిరిచెట్టును పూజించి దాని నీడను భుజింపుమని పెద్దలు చెప్పిరిగాని, ఆ పొగ కోడండ్ర కండ్లలోనే పోవలెనని ఏ పురాణమునను లేదని మేము వాదించితిమి. తుదకు పరమాన్నము మాత్రము అచ్చట వండుటకు ఒప్పందమైనది. అది మగవారు చూచుకొనవలెను.

అప్పటికిని అత్తగారి మనస్సు కుదురలేదు. వారు ప్రతి మార్గశిర శుద్ధ పాడ్యమినాడు మాకు పోలిస్వర్గము కథ చెప్పుదురు. అత్తయు తక్కిన కోడండ్రును నదీస్నానమునకు పోవుచు, పోలిని ఇంటిచాకిరికి విడిచిపోయిరట. పోలి పెరటిలోని ప్రత్తి తెచ్చి వత్తిచేసి, కవ్వమునకంటిన వెన్నతో దీపము పెట్టినదట. బొందితో స్వర్గమునకు పోయినది ఆమెయే. మేము వారి కాళ్ళకు నూనె రాయుచు, "అత్తయ్యగారూ, పోలి ఇంటినుండి స్వర్గమునకే పోగలిగినప్పుడు, మీరు తోటనుండి ఉండవల్లి కొండ యెక్కలేరా?" అంటిమి. వారు నవ్విరి. "పోలికి మోకాళ్ళ నొప్పులు లేవే అమ్మాయీ" అనిరి. ఆ నవ్వునే మేము అంగీకారముగా తీసికొంటిమి.

వండి తీసికొనిపోవు సోదరీమణులకొరకు రెండు మాటలు. పులిహోర నిమ్మరసముతోగాక చింతపండుతో చేయవలెను. నూనె కొంచెము ఎక్కువ పట్టించి, అన్నము బాగుగా ఆరిన పిమ్మట కలిపిన సాయంకాలమువరకు చెడదు. దద్ధ్యోజనమునకు ఉదయము అన్నమును పాలతో మెత్తగా కలిపి పెరుగు కొంచెముగానే వేసిన, మధ్యాహ్నమునకు పులియక సరిగా తోడుకొనును. ఉసిరికాయ పచ్చడి ముందునాడే నూరి యుంచవచ్చును. వేడి యన్నములను మూతపెట్టి కట్టరాదు. ఆవిరికి చెమర్చి పాడగును. అడ్డాకు విస్తళ్ళు తీసికొనిపోయిన తోముడు తప్పును.

ఆదివారము తెల్లవారగనే రెండు ఆటోలలో బయలుదేరితిమి. ప్రకాశం బరాజుమీదికి రాగానే మావారిలోని పంతులు మేల్కొనిరి. 1855లో పూర్తియైన పాత యానకట్ట 1952లో తెగినదనియు, పిదప కట్టిన యీ బరాజు 1957లో పూర్తియైనదనియు, దీనికి 70 తలుపులనియు పిల్లలకు చెప్పిరి. మా యబ్బాయి లెక్కపెట్టుట కారంభించి నలుబదికడ తప్పి, తిరిగి మొదటికి వచ్చునప్పటికి సీతానగరము వచ్చినది. నీటియంచున అరటిదొప్పలలో వెలిగించి విడిచిన దీపములు కొన్ని ఆరి, రాళ్ళకు తగులుకొని యుండెను.

తోటలో ఉసిరిచెట్టుకు పసుపు కుంకుమలు పెట్టి, దీపము వెలిగించి, ప్రదక్షిణములు చేసితిమి. మఱదిగారికి పాలు, బియ్యము, బెల్లము అప్పగించి, బెల్లము ఎప్పుడు వేయవలెనో రెండుమారులు చెప్పి, ఆటోలోనే గుహలకు పోయితిమి. అత్తగారు రెండడుగులు వేసి వెనుకకు తిరిగి, "మూత మూరెడు దూరాన పెట్టారు, బూడిద పడుతుంది" అనిరి. మా యమ్మాయి వారి చేయి పట్టి లాగినది.

పురావస్తుశాఖవారికడ టిక్కెట్లు తీసికొని లోపలికి పోయినంతనే కొండ ముఖమంతయు స్తంభములై, నాలుగంతస్తులుగా కన్నుల కెదురగును. ఇవి విష్ణుకుండి రాజులనాటివని చెప్పుదురు. ఇటుకలు పేర్చి కట్టినది కాదు. కొండను పైనుండి లోనికి తొలిచినది. కొన్నిచోట్ల పని సగములో నాగిపోయినది. ఉలిగాట్లు ఇప్పటికిని కనబడును. పూర్తిగా చెక్కిన మూర్తులకంటె ఆ సగము చెక్కిన భాగములే మాకెక్కువ ముచ్చటగొల్పినవి. ఏ వంటయింటిలోనో సగము తరిగి విడిచిన కూర జ్ఞప్తికి వచ్చినది.

అత్తగారు ఒక్కొక్క మెట్టునకు రెండుపాదములు ఆనించుచు ఎక్కిరి. ముందు మనుమరాలు, వెనుక మనుమడు. ప్రతి యంతస్తులోను ఒక స్తంభమున కానుకొని కూర్చుండిరి. ఒకచోట మోకాలు పట్టుకొని చాలసేపు లేవలేదు. మాకు భయము వేసినది. "చాలునత్తయ్యగారూ, ఇచ్చటినుండియే నమస్కరింతము" అంటిమి. వారు మాటాడలేదు, చేయి మాత్రము చాపిరి, లేవదీయుమని.

స్వామి యున్న గది చీకటి. అర్చకులు దీపమెత్తగా ఆ వెలుతురు పాదములనుండి మెల్లమెల్లగా జరిగిపోయినది. పదునైదడుగులకు మించిన యనంతపద్మనాభుడు శేషునిమీద పండుకొని యున్నాడు. అత్తగారు ఆ పొడవునంతయు ఒకమారు కొలిచినట్లు చూచిరి. మేము వారి కన్నులలో నీరు చూతుమనుకొంటిమి. వారు మెల్లగా, "ఇన్నేళ్ళూ మేము క్రింద పొగలో ఉంటే, ఈయన ఇక్కడ చల్లగా పడుకున్నాడా!" అనిరి. అర్చకులును నవ్విరి.

పిదప అచ్చటనే గోడకానుకొని కూర్చుండి పావుగంటసేపు కదలలేదు. పరమాన్నము మాట యెత్తలేదు. మేమే నిలువలేక, ఈపాటికి పాలు పొంగియుండునా, మాడియుండునా యని బయటికి చూచుచుంటిమి. మా తోడికోడలు మా చేయి గిల్లినది.

వెలుపల, రాతి ఋషులు కూర్చున్న చోట నిలిచి చూచిన పొలములు, తోటలు దూరమువరకు కనబడును. అత్తగారు కంటికి చేయడ్డము పెట్టి, "మన ఉసిరిచెట్టు ఏదిరా?" యని మనుమని నడిగిరి. వాడొక పచ్చని గుంపును చూపినాడు. అది మన తోట యగునో కాదో మాకు నమ్మకము లేదు. వారు దానినే చాలసేపు చూచిరి.

తిరిగివచ్చునప్పటికి పరమాన్నము అడుగంటినది. అరటిపండ్లు అరహస్తము కోతులపాలైనవి. మఱదిగారు కఱ్ఱ పట్టుకొని చెట్టు చుట్టు తిరుగుచుండిరి. మావారి చొక్కా మసియైనది. కూర్చుండుటలోని కష్టమునుగూర్చి మేమేమియు నడుగలేదు. వడ్డనయు వారిదే యగుటచే దద్ధ్యోజనము ముందును పులిహోర పిదపను వచ్చినవి. మా యత్తగారు తొలిపంక్తిని కూర్చుండి, మాడువాసన గల పరమాన్నము రెండుమారులు అడిగి వేయించుకొనిరి. మా తోడికోడలు హోటలు పొట్లముల మాట మరల ఎత్తలేదు. దద్ధ్యోజనమునకు పాలెన్ని పోసితిరని మాత్రము అడిగినది.

సాయంకాలము గిన్నెలు లెక్కచూడగా ఒక యిత్తడి గరిటె తగ్గినది. అది అత్తగారు పుట్టింటినుండి తెచ్చుకొన్నది. పొయ్యి కావలి తమదే కనుక మావారికి ముఖము చెల్లలేదు. సెల్లుఫోను దీపము పట్టుకొని బావిచుట్టును, జామచెట్ల మొదళ్ళను వెదకుచుండిరి. ఆటోవాడు హారను మ్రోగించుచుండెను.

అత్తగారు ఆటోలోనుండియే తల వెలుపలకు పెట్టి, "పోనీరా, చీకటి పడింది. వచ్చే ఏడు వచ్చినప్పుడు వెదుకుదాం" అనిరి.