ఎవరితో తాగావు?

పోయిన ఎండాకాలం మా ఊరి తమ్ముడొకడు సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగాడు. వరసకు మా చిన్నాయన కొడుకు. డిగ్రీ అయిపోయింది, పోటీ పరీక్షల కోచింగ్ కోసం వచ్చాడు. బ్యాగు నా గదిలో పెట్టి, స్నానం చేసి, సాయంత్రం కాగానే అడిగిన మొదటి మాట: "అన్నా, ఇక్కడ తాగాలంటే ఎక్కడికి పోవాలె?"

నాకు నవ్వొచ్చింది, కోపం రాలేదు. పన్నెండేళ్ళ కింద నేనూ ఇదే మాట ఇంకో అన్నను అడిగాను. ఆయన స్టేషన్ దగ్గరి ఒక వైన్స్ వెనకున్న పర్మిట్ రూం చూపించాడు. అంతకు మించి ఏమీ చెప్పలేదు. నా తమ్ముడికి నేను ఇంకొంచెం చెప్పాలనుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను. ఏటా మన పిల్లలు ఎందరో ఇదే స్టేషన్‌లో దిగుతున్నారు. వాళ్ళకు పాఠం చెప్పిన సార్లు, మేడమ్‌లు కూడా ఈ పుస్తకం చదువుతారు.

సికింద్రాబాద్‌లో తాగే చోట్లకు కొదవ లేదు. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న ఈ ఊరు ఇంగ్లీషు సైన్యం దండుతో పెరిగింది. సైన్యం ఉన్నచోట సారాయి ఉంటుంది. ఆ దొరల కాలంలోనే, 1878లో, సికింద్రాబాద్ క్లబ్బు మొదలైంది. సభ్యులకు, వాళ్ళ వెంట వచ్చే అతిథులకు తప్ప మనబోటి వాళ్ళకు దాని గేటు తెరుచుకోదు. దాని కింద ఏసీ బార్లు ఉన్నాయి. అక్కడ ఒక సీసా తాగితే మన రెండు రోజుల భోజనం ఖర్చు పోతుంది. దాని కింద వైన్సులు, పర్మిట్ రూంలు. ఇంకా కింద కల్లు కాంపౌండ్లు. బల్లలు, సీసాలు, గుడాలు, బోటీ కూర. తెలంగాణ వచ్చాక 2014లో నగరంలో కల్లు దుకాణాలు మళ్ళీ తెరిచారు.

కల్లు అనగానే తమ్ముడి కళ్ళు మెరిశాయి. "మన కల్లేనా?" అన్నాడు. కాదురా అన్నాను. మన దగ్గర కల్లు చెట్టు నుంచి వస్తుంది. ఇక్కడ ఇన్ని సీసాలకు సరిపడా తాటిచెట్లు, ఈతచెట్లు ఎక్కడున్నాయి? క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపి తయారు చేసిన కల్లు పట్టుబడటం ఇక్కడ కొత్త కాదు. 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి కొందరు చనిపోయారు. ఆ మందులకు అలవాటు పడ్డ మనిషి ఒక్క పూట కల్లు మానేసినా చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, మాట తడబడుతుంది. దాన్ని కల్లు అని పిలిస్తే మన జీలుగుచెట్టుకు అవమానం.

ఇంతా చెప్పి నా కథ చెప్పకపోతే అది అబద్ధమే అవుతుంది.

నేను వచ్చిన రెండో ఏడు. రాణిగంజ్‌లో ఒక దుకాణంలో లెక్కలు రాసే పని. ఒక పొద్దున ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, పెద్దయ్య పోయాడని. నాకు విల్లు పట్టడం నేర్పింది ఆయనే. తాటిచెట్టు కింద కూర్చోబెట్టి మొదటి దొప్ప చేతికిచ్చిందీ ఆయనే. "రాత్రి బండెక్కు. నువ్వొచ్చేదాకా ఉంచుతాం" అన్నాడు మా నాయన. పని ముగించుకుని సాయంత్రమే స్టేషన్‌కు వచ్చాను. మణుగూరు బండికి ఇంకా చాలా టైముంది. దుఃఖం గొంతులో ఉండలా అడ్డం పడింది. చెప్పుకోవడానికి మనిషి లేడు. ఒక క్వార్టర్ తీసుకుని పర్మిట్ రూంలో మూలకు కూర్చున్నాను. పక్క బల్ల మీద ఎవరో, ఎదురు బల్ల మీద ఎవరో. ఎవరి గ్లాసు వాళ్ళది, ఎవరి గోడ వాళ్ళది. క్వార్టర్ అయిపోయింది. ఇంకోటి తెమ్మన్నాను. చాలు అనే మనిషి లేడు. డబ్బులిచ్చినంతసేపూ సీసా వచ్చింది.

ప్లాట్‌ఫాం మీదికి వచ్చేసరికి బండి వెళ్ళిపోయింది. ఎంతసేపయిందో కూడా తెలియలేదు.

తెల్లవారుజామున స్టేషన్ బయట ఒక ఇరానీ హోటల్‌లో కూర్చున్నాను. టీ పెట్టి, నా ముఖం చూసి, అడగకుండానే ఒక ఉస్మానియా బిస్కట్ పక్కన పెట్టాడు అక్కడి ముసలాయన. "ఊరికి పోవాలా బేటా?" అన్నాడు. అవునన్నాను. ఆ నగరంలో ఆ రాత్రంతా నన్ను పలకరించిన ఒకే ఒక్క మనిషి ఆయన. పొద్దున ఇంకో బండి పట్టుకుని ఊరు చేరేసరికి సాయంత్రమైంది. మధ్యాహ్నం దాకా ఎదురుచూసి, ఇక ఆగలేక పెద్దయ్యను తీసుకెళ్ళిపోయారు. కడసారి చూపు నాకు దక్కలేదు.

బండి ఎందుకు తప్పిందని ఎవరూ అడగలేదు. నా నోటి వాసనే చెప్పింది. రాత్రి పెద్దలు కూర్చున్నచోట మా పెద్దమ్మ దొప్పలో ఇప్పసారా పోసి, మొదటి చుక్కలు నేల మీద పెద్దయ్య పేరున వదిలి, దొప్ప నాకిచ్చింది. నేను తలెత్తలేకపోయాను. అప్పుడు అడిగింది: "నిన్న ఎవరితో తాగావు కొడకా?"

"ఒక్కడినే, పెద్దమ్మా."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒక్కడివే ఎట్ల తాగినవ్?" అంది. తిట్టినట్టు లేదు. నిజంగానే అర్థం కాక అడిగినట్టుంది.

ఆ ప్రశ్న ఇన్నేళ్ళుగా నాతో ఉంది. ఎంత తాగావని ఆమె అడగలేదు. ఎక్కడ తాగావని అడగలేదు. మన దగ్గర కల్లుకు చెట్టుంది, చెట్టుకు మనిషున్నాడు, ఆ మనిషికి చుట్టాలున్నారు. జీలుగుచెట్టు పై నుంచి కిందికి ఒక్కో గెల వేసుకుంటూ వస్తుంది. ఆఖరి గెలతో చెట్టు ఆయుష్షు తీరిపోతుంది. అందుకే ఎవరికి ఎంత, ఎప్పుడు అని పెద్దలకు లెక్క ఉండేది. విత్తనాల పండుగకు, పెళ్ళికి, చావుకు ఒక వరస ఉండేది. దొప్ప ముందు నేలకు, తర్వాత పెద్దలకు, తర్వాత మనకు. ఎక్కువైతే బావ చేతిలోంచి లాక్కునేవాడు. పర్మిట్ రూంలో ఆ బావ లేడు.

అయితే ఊళ్ళో తాగుడంతా మంచిదని నేననను. అలా అంటే మన ఆడవాళ్ళు నన్ను క్షమించరు. ఇప్పుడు మన గూడేల్లోకీ బెల్టు షాపులు వచ్చాయి. కిరాణా కొట్టులో ఉప్పు పక్కనే క్వార్టర్ సీసా దొరుకుతుంది. దానికి పండుగ లేదు, వరస లేదు. కూలి డబ్బులు ఇల్లు చేరకముందే అయిపోతున్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన ఆడవాళ్ళ పోరాటమే రాష్ట్రంలో సారాను ఆపించింది. మన చేతిలో ఇంకో ఆయుధం కూడా ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల కోసం 1996లో వచ్చిన పెసా చట్టం మత్తు పానీయాల అమ్మకాన్ని, వాడకాన్ని అదుపు చేసే అధికారాన్ని, అవసరమైతే పూర్తిగా ఆపే అధికారాన్ని గ్రామసభకు, పంచాయతీకి ఇవ్వాలంది. బెల్టు షాపు వద్దని తీర్మానం రాయడం మన చదువుకున్న పిల్లలకు రావాలి. సార్లూ, ఈ ఒక్క పాఠం పిల్లలకు తప్పకుండా చెప్పండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. నగరంలో మన ఊరి పేరు చెప్పగానే "మీ వాళ్ళు బాగా తాగుతారట కదా" అని నవ్వేవాళ్ళుంటారు. నేనూ విన్నాను. తాగడమే తప్పయితే ఈ ఊళ్ళో క్లబ్బు నుంచి కాంపౌండు దాకా అందరూ తప్పే. మన అవ్వ ఇప్పసారా కాస్తే కేసు. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2022లో అదే ఇప్పసారాకు వారసత్వ మద్యం అని పేరు పెట్టి అమ్మకానికి దారి తీసింది. ఉట్నూరులో మన అక్కలు అదే పువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. పువ్వులో తప్పు లేదు. తెల్లవారుజామున చెట్టు కింద పువ్వు ఏరే మన తల్లులకు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ పెద్దయ్యను చూడలేకపోయిన తప్పు నాది. దాన్ని సంప్రదాయం మీదికి నెట్టలేను.

ఇదంతా విని తమ్ముడు కాసేపు ఊరుకున్నాడు. "అయితే ఎక్కడికీ పోవద్దా అన్నా?" అన్నాడు. పోదాం పద అన్నాను. స్టేషన్ ఎదురుగా ఆల్ఫా హోటల్‌కు తీసుకెళ్ళాను. వెనకటికి ఇరాన్ నుంచి బతుకుతెరువు కోసం వచ్చినవాళ్ళు ఈ ఊరికి నేర్పిన టీ అది. పాలు వేరే, డికాక్షన్ వేరే కాచి కలుపుతారు. వాళ్ళూ మనలాగే ఊరు వదిలి వచ్చినవాళ్ళు. ఇక్కడ ఇద్దరం కలిసి తాగాలంటే "వన్ బై టూ" అంటే చాలు, ఒక టీని రెండు చేసి తెస్తారు. మన దొప్ప లాగే.

వాడికి నేను తాగొద్దని ఒట్టు పెట్టించలేదు. మూడు మాటలు మాత్రం చెప్పాను. ఇరవై ఒక్క ఏళ్ళు నిండనివాళ్ళకు మందు అమ్మకూడదని చట్టం, నీ వెంట వచ్చే చిన్నవాళ్ళను లోపలికి తీసుకుపోకు. నగరంలో కల్లు ముట్టుకోకు. దుఃఖం వచ్చిన రోజు ఒక్కడివే ఎక్కడా కూర్చోకు, ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్.

ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం మేము ఐదారుగురం అక్కడే కలుస్తున్నాం. ఇద్దరు కోయ పిల్లలు, ఉట్నూరు వైపు నుంచి ఒక గోండు తమ్ముడు, నర్సింగ్ చదివే ఒక చెల్లె. ఊరి కబుర్లు, పరీక్షల కబుర్లు చెప్పుకుంటాం. పోయిన వారం ఆ చెల్లె వాళ్ళ తాత పోయాడని కబురొచ్చింది. నలుగురం ప్లాట్‌ఫాం దాకా వెళ్ళి ఆమెను బండి ఎక్కించి వచ్చాం.