కిస్సిమ్మీల కుక్కర్ సీటీ

బిచ్కుందల కూసొని ఫ్లోరిడా ముచ్చట ఏందంటరా? ఇనుండ్రి. మీ పిల్లలు గూడ ఏ డల్లాస్‌లనో షార్లెట్‌లనో ఉంటే, ఇయాల్నో రేపో మిమ్ముల ఆడికి తోల్కపోతరు. థ్యాంక్స్‌గివింగ్ సెలవులొస్తే మనోళ్లు రెండు మూడు కుటుంబాలు కలిసి, ఒర్లాండో పక్కన కిస్సిమ్మీల కాండో, అంటే వంటిల్లున్న ఫ్లాటు, కిరాయికి దీస్కుంటరు.

హోటల్ల దిగొచ్చు గదా అంటరా? హోటల్ గదిల పొయ్యేడిది!

కాండోల పొయ్యుంటది, ఫ్రిజ్జుంటది, బట్టలుతికే మిషనుంటది. గిన్నెలు, పల్లాలు, చెంచాలు అన్నీ వాళ్లయే. కుక్కరు, జొన్నపిండి మాత్రం మనమే పట్టుకపోవాలె. పోపు కాడ జర పైలం! పొగ తగిలితే అలారం లొల్లి లొల్లి జేస్తది. ముందుగాల కిటికీ తెరువుండ్రి, పొయ్యి మీది ఫ్యాన్ ఎయ్యుండ్రి, అటెన్క ఎండుమిరపకాయలు.

గేటు కాడ పేరు చెప్తే కాగితమిస్తరు, కారు అద్దం ముంగట పెట్టాలె. ఇంటికి తాళంచెవి ఉండది, అంకెలు నొక్కితే తలుపు తెర్సుకుంటది. గేటు లోపట క్లబ్‌హౌస్, ఈతకొలను, ఓ చెరువు. చెరువు కనవడంగనే కాళ్లు కడగ ఉరుకుతరేమో, ఆగుండ్రి! ఎలిగేటర్లుంటయని బోర్డు ఉన్నది. వాటికి తిండేసుడు ఆ రాష్ట్రంల నేరం. మన మంజీర మొసళ్ల ముచ్చట ఎరుకైనోళ్లకు చెప్పాల్నా?

ఇంకోటి చెప్పనా? కిస్సిమ్మీ అసలు పశువుల ఊరు. ఎగిరే కోడెల మీద కూసునే రోడియో ఆట ఆడ 1944ల షురువయింది, ఇప్పటికీ నడుస్తది. 1971 అక్టోబర్ 1న పక్కన డిస్నీ వరల్డ్ తెరిచినంక జనం ఎగవడ్డరు. కిరాయి ఇండ్లు లేశినయి. పొద్దుగూకినంక డిస్నీ దిక్కు పటాకులు పేలుతయి. మేం పోయినప్పుడు మాకు బాల్కనీలకెల్లే కనవడ్డయి, టికెట్ లేకుంటనే!

అయినా నాకు నచ్చింది గవేవీ గాదు. పొద్దున కుక్కర్ సీటీ కొట్టంగనే తలో గదిలకెల్లి లేచొచ్చిండ్రు. కోడలు చాయ్ పోస్తున్నది, అల్లుడు ఉల్లిగడ్డ కోస్తున్నడు. యేడాదంతా ఫోన్ల కనవడే మొకాలు ఒక్క వంటింట్ల!

మీరు పోతే కింది గది మాకే గావాల్నని పట్టువట్టుండ్రి. పిల్లలకు హాల్ల సోఫా పరుపు గుంజెయ్యుండ్రి. పండుకుంటరా? పండుకోరు. అర్ధరాత్రి దాక కిలకిల నవ్వుతనే ఉంటరు. కసురుకోకుండ్రి, మీరు గూడ పోయి నడుమల కూసోండ్రి.