కాలి కొలత

మాది అనంతపురం జిల్లా, కల్యాణదుర్గం దిక్కు ఒక చిన్న పల్లె. ఊరికి తూర్పున మాదిగ్గేరి. మా అబ్బ ఆ గేరిలో చెప్పులు కుట్టిన ఆఖరి మనిషి. మా నాయన ఆరె పట్టలేదు, బెంగుళూరు పోయి బిల్డింగుల కాడ మట్టి మోసినాడు. నేను అనంతపురం టౌన్లో, దేశమంతా బ్రాంచీలున్న ఒక చెప్పుల కంపెనీ షోరూములో రెండేండ్లు సేల్స్‌మన్‌గా పనిచేసినాను. ఇప్పుడు ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు టీచర్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే.

టీచర్నయినాక నాకు చదువుకున్న మిత్రులు చానామంది అయినారు. వాళ్లు ఒక మాట అంటుంటారు: 'కులం పల్లెలో ఉంది నిజమే, టౌన్లో ఎవరడుగుతారు? డబ్బుంటే చాలు, బ్యాడ్జి పెట్టుకుంటే చాలు.' వాళ్లకు చెప్పడానికే ఇది రాస్తున్నాను. నేను బ్యాడ్జి పెట్టుకున్నోణ్ణే. నా పేరే ఉండె దాని మీద, కులం లేదు. అది ఎన్ని దినాలు పనిచేసిందో చెబుతాను.

ముందు మా అబ్బ పని చెప్పాల. ఊర్లో గొడ్డు సచ్చిందంటే మోసకచ్చే పని మా వాళ్లది. తోలు ఒలిచి, సున్నం నీళ్లలో నానేసి, బొచ్చు గీకి, తంగేడు చెక్క వేసిన లందలో వారాల తరబడి ఊరబెట్టాల. రోజూ తిరగదిప్పాల. ఎప్పుడు తీయాలో గడియారం చెప్పదు, చేతి వేళ్లు చెప్పాల. ఆ తోలుతోనే కపిలకు బాన, ఎద్దులకు వార్లు, చర్నాకోల, మనుషులకు కిర్రు చెప్పులు. ఊరంతా చేసే సేద్యం మా లందలోంచి పోయేది. దానికి కూలి పైసల్లో కాదు, కళ్లంలో మేర. కొర్రో, జొన్నో, రెండు చేటలు.

ఆ పని ఎట్ల పోయిందో కూడా చెప్పాల. కరెంటు మోటార్లు వచ్చి కపిల పోయింది. మా జిల్లాలో ఏడాదికి ఐదున్నర వందల మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. ఆ వానను నమ్ముకోని రైతులు కొర్ర, జొన్న మాని చెనిక్కాయ వేసినారు. చెనిక్కాయ కళ్లం నుంచే మండీకి పోతుంది. గింజలే లేని కళ్లంలో మేర ఎవరికి కొలుస్తారు? తర్వాత రబ్బరు చెప్పులు వచ్చినాయి. పచ్చి తోళ్లు టౌన్ల నుంచి వచ్చిన యాపారులు కొనకపోయినారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1973లో తోలు పరిశ్రమల అభివృద్ధికని లిడ్‌క్యాప్ పెట్టింది. మా గేరికి దాని పేరు కూడా రాలేదు. అబ్బ ఆరె, రంపె గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టినాడు.

కొలత తీసుకునేది మాత్రం మా జేజి మాకు కథ మాదిరి చెప్పేది. రెడ్డి అరుగు మీద కూచుంటాడు. కిందికి దిగి వాకిట్లో మెత్తటి మన్నులో ఒకసారి కాలు మోపి మళ్లీ ఎక్కుతాడు. అబ్బ గొంతుక్కూచోని, ఆ అడుగు ముద్ర మీద ఈనె పుల్ల పెట్టి, మడమకాడికి విరుచుకుంటాడు. ఆ పుల్లే కొలత. కాలు ముట్టగూడదు. జత కుట్టి తెచ్చినాక దూరంగా పెట్టాల, వాళ్లు నీళ్లు చిలకరించి తొడుక్కుంటారు. మా అబ్బ కుట్టిన చెప్పులు మా అబ్బే తొడుక్కోని ఆ వీధిలో నడవగూడదు. చేతిలో పట్టుకోని పోవాల.

ఇది పాత కథ అనుకోవద్దు. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది 1989లో. దానికి 2015లో సవరణ చేసి, దళితుడు బహిరంగ స్థలంలో చెప్పులు తొడుక్కోకుండా అడ్డుకోవడం నేరమని ప్రత్యేకంగా రాసినారు. చెప్పుల దండ వేయడం నేరమని అదే సవరణలో ఉంది. ఎక్కడా జరగని పనికి పార్లమెంటు చట్టం రాయదు గదా.

నేను షోరూములో చేరింది 2008 జూన్లో. బి.ఎస్సీ అయిపోయింది, బి.ఎడ్ ఫీజుకు, పుస్తకాలకు డబ్బు కావాల. బడులు తెరిచే కాలం, నల్ల బూట్లకూ తెల్ల బూట్లకూ జనం ఎగబడే కాలం. మనుషులు కావాలని అద్దానికి కాగితం అంటించినారు. జీతం నెలకు 2,800. పొద్దున పదికి షట్టరు ఎత్తితే రాత్రి తొమ్మిదిన్నరకు దించేది. పండగల ముందు పది దాటేది.

బయటి నుంచి చూసేవాళ్లకు చల్లని గాలి, అద్దాలు, లైట్లు. లోపల మాకు కాళ్ల నొప్పి. గిరాకీ లేనప్పుడు కూడా కూచోగూడదు. కూచుంటే కస్టమరుకు మర్యాద ఇవ్వనట్లంట. షోరూములో మేము కూచోదగ్గ వస్తువు ఒకటే, ముందరి పక్క ఏటవాలు పలక ఉండే పొట్టి స్టూలు. కస్టమరు సోఫాలో కూచోని ఆ పలక మీద కాలు పెడతాడు. మేము స్టూలు మీద కూచోని ఆ కాలికి జోడు తొడగాల. అంటే కాలు పట్టుకునేటప్పుడే మాకు కూచునే హక్కు. కేరళలో కోజికోడ్ బట్టల కొట్లలో పనిచేసే ఆడవాళ్లు ఏండ్ల తరబడి కొట్లాడితే 2018లో ఆ రాష్ట్రం కూచునే హక్కును చట్టంలో పెట్టింది. 2021లో తమిళనాడు పెట్టింది. ఆ వార్తలు చదివినప్పుడు నా పిక్కలు గుర్తొచ్చినాయి.

పని నేర్చుకోవడం నాకు కష్టం కాలేదు. జోడుకు సైజు నెంబరు ఉంటుంది గదా, ఆరుకూ ఏడుకూ తేడా అంగుళంలో మూడో వంతు. ఇంగ్లీషోళ్లు ఒకప్పుడు బార్లీ గింజ పొడుగును పట్టి పెట్టుకున్న లెక్క అది. వాళ్లకు బార్లీ గింజ, మా అబ్బకు ఈనె పుల్ల. నెల తిరక్కుండానే మనిషి నడిచి వస్తుంటే నెంబరు చెప్పేవాణ్ణి. సేద్యం చేసే కాలు ముందర వెడల్పు, వేళ్లు విచ్చుకోని ఉంటాయి. దానికి నెంబరు సరిపోయినా జోడు సరిపోదు. అట్లాంటోళ్లకు మొన తేలిన బూట్లు అంటగట్టకుండా వెడల్పువి తీసి ఇచ్చేవాణ్ణి.

తోలు సంగతి ఇంకా బాగా తెలుసు. బొటనవేలితో నొక్కితే సన్నగా ముడతలు పడేది తోలు, పడనిది రెక్సిన్. అంచు చూస్తే పీచు కనబడాల. తోలును అడ్డంగా చీల్చి, కింది పొరకు రంగు పూసి అసలు తోలని అమ్మే మాల్ కూడా ఉంటుంది. వాసనకే పట్టేవాణ్ణి. ఇవన్నీ చిన్నప్పుడు అబ్బ ఒళ్లో కూచోని అటక మీది గోనెసంచి దించి ఆడుకున్నప్పుడు తెలిసినవి. మేనేజరు నన్ను అందరి ముందర నిలబెట్టి, 'చూడండప్పా, ప్రొడక్ట్ నాలెడ్జ్ అంటే ఇది' అన్నాడు. మూడు నెలలు వరసగా టార్గెట్ దాటినాను. ఇన్సెంటివ్ ఐదారు వందలు వచ్చేది. దాన్ని తీయకుండా బ్యాంకులో వేసినాను.

ఏడాది ఇట్ల గడిచింది. దసరా ముందర ఒక సాయంత్రం మా ఊరి రెడ్డి, కొడుకూ కోడలితో వచ్చినాడు. షోరూం కిటకిటలాడుతుండె. నన్ను చూసి గుర్తుపట్టినాడు. కాలు వెనక్కి లాక్కుంటాడేమో అనుకున్నాను. లాక్కోలేదు. ఇంకా ముందుకు చాపినాడు. నేను జోడు తొడుగుతుంటే సోఫాలో ఆనుకోని, అందరికీ వినబడేటట్లు నవ్వుతా అన్నాడు:

'వీళ్లబ్బ మా ఇంటికి చెప్పులు కుట్టేటోడప్పా. మా మాదిగోడే. మంచోడు. మనవడు కూడా అదే పనిలోకి వచ్చినాడు సూడు.'

తిట్టలేదు. ప్రేమగానే అన్నాడు. రెండు జతలు కొన్నాడు. పోయేటప్పుడు నాకు పది రూపాయలు ఇయ్యబోయినాడు.

'వద్దు రెడ్డీ, కంపెనీ జీతమిస్తాండాది' అన్నాను.

'తీసుకోరా, టీ తాగు.'

'వద్దు.'

నోటు కౌంటరు మీద పెట్టి పోయినాడు. నేను ముట్టలేదు. స్వీపరమ్మను పిలిచి తీసుకోమన్నాను.

మరుసటి దినం నుంచి ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. మధ్యాన్నం స్టోర్‌రూములో అందరం కలిసి తినేవాళ్లం. మా అమ్మ పంపే ఊర్బిండి కోసం పోటీ పడేటోళ్లు. ఆ దినం నుంచి దాన్ని ఎవరూ వేలితో తాకలేదు. 'నాకు కడుపులో మంట బ్రదర్' అన్నాడొకడు. నీళ్ల క్యాను పక్కన ఉండే స్టీలు గ్లాసు పోయి, ఎవరి సీసా వాళ్లు తెచ్చుకునేది మొదలయింది. సీసా మంచిదే, శుభ్రమే. ఆ శుభ్రం ఆ వారమే ఎందుకు గుర్తొచ్చిందని ఎవర్ని అడగాల?

దానికంటే పెద్దది ఇంకొకటి జరిగింది. కుట్లు ఊడిన జతలు, అట్ట లేచిన జతలు వాపసు వస్తుంటాయి. అంతకుముందు ఎవరి కస్టమరువి వాళ్లు చూసేవాళ్లం. ఇప్పుడు అన్నీ నా ముందరికి వచ్చినాయి. 'నీకు తెలుసు గదప్పా, నీ చేతిలోనే ఉంది ఆ విద్య' అన్నాడు మేనేజరు. నేను వెనక గదిలో గమ్ము డబ్బా, సూది పట్టుకోని కూచుంటే ముందర సేల్ ఎట్లయితుంది? ఆ నెల ఇన్సెంటివ్ సున్నా. అదే తోలు, అదే మనిషి, అదే తెలివి. పేరు తెలియనంత కాలం అది ప్రొడక్ట్ నాలెడ్జ్. పేరు తెలిసినాక కులవిద్య. మొదటిదానికి ఇన్సెంటివ్, రెండోదానికి గమ్ము డబ్బా.

రెండో నెల నేను పోయి చెప్పినాను: 'సార్, నా ఆర్డరు కాగితంలో సేల్స్‌మన్ అని ఉంది. రిపేరు పని చేయాలంటే అది కూడా రాయండి, దానికి జీతం కూడా రాయండి.' ఆయన నా మొహం చూసినాడు, కాగితం చూసినాడు. రాయలేదు. రిపేరు జతలు మళ్లీ అందరికీ పంచినారు. అప్పటి నుంచి నాతో మాటలు తగ్గినాయి, సెలవలు తగ్గినాయి. 2010లో బి.ఎడ్ సీటు వచ్చేదాకా ఉండి, లెక్క తీసుకోని బయటికొచ్చినాను.

మిత్రులు అడిగే ప్రశ్న నాకు తెలుసు. 'మీ అబ్బ కాలు ముట్టగూడదు, నువ్వు ముట్టుకున్నావు. ఇది ముందడుగు కాదా?' నేను ఈ సంగతి చానా దినాలు ఆలోచించినాను. చెయ్యి కాలి కింద ఉన్నంతసేపు ముట్టుకోవడం తప్పు కాదు. అదే చెయ్యి నీళ్ల క్యాను మీద పడితేనే తప్పు. అబ్బ కాలంలో మట్టి అడ్డం ఉండె, నా కాలంలో సాక్స్ అడ్డం ఉండె. అరుగూ వాకిలీ పోయి సోఫా, స్టూలు వచ్చినాయి. ఎత్తుపల్లాలు మాత్రం అట్లే ఉన్నాయి.

బాటా పేరు వినని పల్లె లేదు మన దేశంలో. నేను చేసింది ఆ కంపెనీలో కాదు గానీ, దాని చరిత్ర నన్ను పట్టుకుంది. 1894లో జ్లీన్ అనే ఊర్లో, ఇప్పటి చెక్ దేశంలో, తరతరాలుగా జోళ్లు కుట్టే కుటుంబంలో పుట్టిన తొమాస్ బాటా అన్నతోనూ అక్కతోనూ కలిసి దాన్ని మొదలుపెట్టినాడు. 1931లో మన దేశానికి వచ్చింది. కలకత్తా దగ్గర బాటానగర్ అని ఊరే లేచింది. అక్కడ కుట్టేటోని కొడుకు కంపెనీ పెడితే దాని మీద వాని ఇంటిపేరే నిలిచింది. ఇక్కడ ఆగ్రాలో జాటవులు తరాలుగా బూట్లు కుడుతున్నారు. అట్ట పెట్టె మీద వాళ్ల పేరు కనబడదు. మన జాషువ 1941లో గబ్బిలం రాసినప్పుడు దాని నాయకుడు చెప్పులు కుట్టేవాడే. పద్యంలోకి ఎక్కినాడు గానీ షాపు బోర్డు మీదికి ఎక్కలేదు. తోలు ముట్టడం వల్ల మేము అంటరానోళ్లం కాలేదు. తోలే అంటు అయితే ఇయాల తోలు యాపారంలో కోట్లు గడించేవాళ్లంతా ఊరి బయట ఉండాల.

డీఎస్సీ-2014లో ఎంపికయి 2016లో నేను ఉద్యోగంలో చేరినాను. 2020 అక్టోబరులో మా రాష్ట్రంలో విద్యాకానుక మొదలయినప్పుడు, సర్కారు బడి పిల్లలకు పుస్తకాలతో పాటు ఒక జత బూట్లు ఇచ్చినారు. 2025 నుంచి విద్యార్థి మిత్ర పేరుతో ఇస్తున్నారు. పిల్లల కాళ్ల సైజులు టీచర్లే రాసి పంపాల. తోటి టీచర్లు నెంబరు అడిగి రాసుకుంటారు. నేను అడగను. చానామందికి అంతకుముందు బూట్లే లేవు, నెంబరు యాడ తెలుస్తుంది? స్కేలు పట్టుకోని కింద కూచోని కొలుస్తాను.

ఒక ఏడో తరగతి పిల్లోడు కాలు వెనక్కి లాక్కున్నాడు. 'వద్దు సార్, మీరు నా కాలు ముట్టగూడదు' అన్నాడు. రెండేండ్లు షోరూములో ఎన్ని కాళ్లు పట్టుకున్నానో లెక్క లేదు, ఒక్కరూ ఆ మాట అనలేదు. ఆ పిల్లోనిది ఏ కులమో రిజిస్టర్లో ఉంది, ఇక్కడ రాయను. 'కొలిచేటోడు కింద కూచుంటేనే కొలత సరిగ్గా వస్తుందిరా' అని చెప్పి కాలు ముందుకు పెట్టించినాను.

క్లాసులో ప్రొటీన్ల గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు నేను తంగేడు చెక్క ముక్క ఒకటి పట్టుకపోతాను. అందులో టానిన్ ఉంటుంది, అది తోలులోని ప్రొటీన్‌ను పట్టుకోని కుళ్లకుండా ఆపుతుంది అని బోర్డు మీద రాస్తాను. ఎన్ని దినాలు నానాల, ఎప్పుడు తీయాల అని పిల్లలు అడుగుతారు. అబ్బ చెప్పినట్లే చెబుతాను. 'మీకెట్ల తెలుసు సార్' అని ఎవరో ఒకరు అడగనే అడుగుతారు.

'మా అబ్బ చేసేటోడు. మేము మాదిగోళ్లం' అని చెబుతాను. తర్వాత దాన్ని నోట్సులో రాసుకోమంటాను.