గడువు తీరిన పేరు



ఈసారి వ్యాకరణం గురించి గాని, వాచకాల కొరత గురించి గాని వ్రాయడం లేదు. ఒక పేరును పోగొట్టుకొని, పదునాలుగు నెలలకు పైగా వేచియుండి, దానిని తిరిగి తెచ్చుకొన్న వైనం చెప్పదలచాను. పిల్లల పాఠాల కొరకు మీలో కొందరు జాలస్థలులు నడుపుతున్నారని ఎరుగుదును. ఆ చిరునామా ఎవరి పేరున నమోదై ఉన్నదో, గడువు ఎప్పుడు తీరుతుందో మీకు తెలుసునా? మాకు తెలియదు. తెలిసేనాటికి ఆలస్యమైనది.

మాది హోసూరు ప్రాంతం. తమిళనాడులో 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చిన తరువాత మా తెలుగు తరగతులు ఏ విధంగా చిక్కిపోయినవో ఈ పుటలు చదివేవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ సంవత్సరమే మా పెద్ద అయ్యవారు ఒక జాలస్థలి ప్రారంభించారు. బడిలో తెలుగు గంట తగ్గితే ఇంటివద్దనైనా పిల్లవాడు నాలుగు అక్షరాలు చూడాలని వారి తపన. 2006 ఆగస్టు 14న .కామ్ కొసతో ఒక పేరు తీసుకొన్నారు. గుణింతాలు, ఒత్తులు, పాత ప్రశ్నపత్రాలు అన్నీ అందులో ఉండేవి. అన్నిటికంటె విలువైనది వారి గొంతు. వేమన, సుమతీ శతకాల నుండి నలభై పద్యాలు స్వయంగా చదివి పెట్టారు. యతిస్థానం వద్ద వారు ఒక క్షణం ఆగేవారు. ఆ ఆగడం విని మా పిల్లలు యతిని పట్టుకొన్నారు. నిర్వచనం చెప్పి నేను నేర్పలేకపోయిన సంగతి అది.

2019లో మేము 600 అభ్యాస పుస్తకాలు అచ్చు వేయించి, చివరి అట్టమీద ఆ చిరునామా పెద్ద అక్షరాలలో వేయించాము.

2021 మే నెలలో కరోనా అయ్యవారిని తీసుకొనిపోయినది. అప్పటికి బడులు మూసి ఉన్నవి. జాలస్థలి సంగతి ఎవరికి జ్ఞాపకం? ఆగస్టు చివర అది తెరుచుకోలేదు. ఏదో యంత్రలోపం అనుకొన్నాము. సెప్టెంబరులో ఒక తల్లి ఫోను చేసి, "టీచరమ్మా, మీ పుస్తకంమీద ఉన్న అడ్రసు నొక్కితే రమ్మీ ఆట వస్తోందమ్మా, మావాడు దాన్నే చూస్తున్నాడు" అన్నది. నాకు తల కొట్టేసినట్లయింది.

ఇక్కడ కొంచెం వివరించాలి. అంతర్జాలంలో పేరును మనం కొనము, అద్దెకు తీసుకొంటాము. ఒకసారికి పదేండ్లకు మించి ఎవరికీ ఇవ్వరు. గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, తీరిన ఐదు రోజులలోపల మరొకసారి హెచ్చరిక పంపవలెనని ఐకాన్ సంస్థ నియమం. మాకూ పంపియుందురు. అవి అయ్యవారి ఈమెయిలు పెట్టెలో పడియుండును. దాని రహస్యపదం వారితోనే పోయినది.

గడువు తీరగానే పేరు పోదు. .కామ్ వంటి పేర్లకు మొదట నలభైయైదు రోజుల వరకు ఒక వెసులుబాటు ఉంటుంది. ఎన్ని రోజులు ఇవ్వాలన్నది నమోదు చేసిన కంపెనీ ఇష్టం. కొన్ని కంపెనీలు ఈ లోపలనే పేరును వేలానికి పెట్టివేస్తాయి కూడ. తరువాత ముప్పై రోజులు 'రిడెంప్షన్ పీరియడ్'. కుదువపెట్టిన నగకు చివరి అవకాశం వంటిది. అదనపు రుసుము చెల్లించి విడిపించుకోవచ్చును. కాని విడిపించుకోదగినవాడు నమోదుదారుడు ఒక్కడే. ఆ పిమ్మట ఐదు రోజులు 'పెండింగ్ డిలీట్'. ఆ ఐదు రోజులు ఎవరు ఎంత మొరపెట్టుకొన్నా ఏమీ జరగదు. ఆపైన పేరు సంతలో పడుతుంది, ముందు అడిగినవానిది.

మేము మేలుకొన్నది రిడెంప్షన్‌లో. కంపెనీవారు మరణ ధ్రువపత్రం, వారసత్వ ధ్రువపత్రం అడిగారు. అడగడం న్యాయమే, లేకపోతే ఎవరి పేరునైనా ఎవరైనా ఎత్తుకొనిపోవచ్చును. అయ్యవారి భార్య, నేను అక్కా అని పిలిచే ఆమె, ఇల్లు దాటి ఎరుగని మనిషి. దుఃఖం ఆరకముందే ఆమెను కార్యాలయాల మెట్లు ఎక్కించాను. ఒకనాడు వరుసలో నిలబడి ఆమె, "పేరు కోసమా అమ్మా ఇంత తిరుగుడు? ఆయన పేరు మీరంతా తలుచుకుంటూనే ఉన్నారు గదా" అన్నది. నాకు జవాబు తోచలేదు. వారసత్వ పత్రం నవంబరులో చేతికి వచ్చినది. పేరు అక్టోబరు 27ననే రాలిపోయినది.

ఆ ఉదయం నేను బడి కంప్యూటరు ముందు సిద్ధంగా కూర్చున్నాను, అమాయకురాలిని! .కామ్ పేర్లు విడుదలయ్యేది అమెరికావారి మధ్యాహ్నం, మనకు అర్ధరాత్రి. దానికొరకే పనిచేసే యంత్రాలు ఉన్నవి. పేరు రాలిన క్షణాలలో పట్టుకొంటాయి. ఎవరో పట్టుకొన్నారు కూడ. మా పుస్తకాలు చూచి వచ్చే పిల్లల రాకపోకలే వారికి ఆకర్షణ అయి ఉండవచ్చును. వ్రాసి అడిగితే 1,200 డాలర్లు అన్నారు.

1999 నుండి ఇటువంటి తగవులకు ఒక మధ్యవర్తిత్వ విధానం ఉన్నది. కాని అందులో గెలవాలంటే ఆ పేరుమీద మనకు వ్యాపారచిహ్నపు హక్కు ఉండాలి, అవతలివారిది దురుద్దేశమని చూపాలి. వైపో సంస్థలో ఒక్క న్యాయనిర్ణేత చాలునన్నా 1,500 డాలర్లు. అడిగిన ధర కంటె వ్యాజ్యం ఖరీదు! మా సంఘం పెట్టెలో ఆ రెండింటికీ సొమ్ము లేదు.

బెంగళూరులో కంప్యూటరు కొలువు చేసే నా పాత విద్యార్థి ఒకడు ఉపాయం చెప్పాడు. "టీచర్, మళ్ళీ అడగకండి. అడిగినకొద్దీ ధర పెరుగుతుంది. వాళ్ళు వేలకొద్దీ పేర్లు పెట్టుకుని కూర్చుంటారు. అమ్ముడుపోనివాటికి ఏటేటా డబ్బు కట్టడం దండగ అనుకుంటే వదిలేస్తారు. ముందు పిల్లలు అటు పోకుండా చూడండి."

అంతట బడిలో మిగిలిన పుస్తకాలను, పిల్లల చేతులలో ఉన్నవాటిని తెప్పించి, అట్టమీద చిరునామాపై మైదాపిండి జిగురుతో తెల్లకాగితపు ముక్కలు అంటించాము. ఐదవ తరగతి పిల్లలు ఆ పనిని పండుగవలె చేశారు. అందులో ఒకడు, "అయ్యవారి అడ్రసును మనమే ఎందుకు మూస్తున్నాం టీచర్?" అన్నాడు. (తెలుగు లిపిలో .భారత్ అనే కొసతో కొత్త పేరు తీసుకొనవచ్చును గదా అని మీరు అడుగుదురు. అదియు ఆలోచించాము. కాని మా పిల్లల ఇండ్లలో ఫోనులకు తెలుగు మీటలపలక పెట్టినవారు అరుదు.)

2022 అక్టోబరు 27న గడువు. మరునాడు హూయిజ్‌లో చూచితిని: గడువు 2023 అక్టోబరు అని ఉన్నది. కట్టివేశారనుకొని ఆ పూట అన్నం సహించలేదు. విద్యార్థి నవ్వి, గడువు తీరగానే మూల రిజిస్ట్రీ తనంతట తానే ఒక ఏడు పొడిగించి చూపుతుందని, వెసులుబాటు రోజులలో కంపెనీ దానిని రద్దు చేసుకొనవచ్చునని, కనుక ఆ తేదీని నమ్మరాదని చెప్పాడు. ఈ ఒక్క సంగతి తెలియక ఆశ వదులుకొన్నవారు ఎందరో ఉందురు. (2025 జనవరి నుండి ఇటువంటి పేర్లకు హూయిజ్ స్థానంలో ఆర్‌డాప్ అనేది వచ్చినది, చూడవలసినది మాత్రం అదే, తేదీ కాదు, స్థితి.)

డిసెంబరు 6న స్థితి మారినది: రిడెంప్షన్. నెలరోజులు, ప్రతి ఉదయం హాజరుపట్టీ కంటె ముందు దానిని చూచేదానను. జనవరి 5న పెండింగ్ డిలీట్. పట్టుకొంటేనే సొమ్ము తీసుకొనే ఒక సేవలో ముందుగా పేరు చెప్పి ఉంచాము. 2023 జనవరి 10 రాత్రి, భోగికి నాలుగు రోజుల ముందు, నేను నిద్రపోలేదు. తెల్లవారుజామున సందేశం వచ్చినది. పోటీకి ఎవరూ రాలేదట. పిల్లలు అటు పోవడం మానినందున ఆ పేరుకు గిరాకీ పడిపోయి ఉంటుందని మావాడి అభిప్రాయం. మేము అంటించిన కాగితపు ముక్కలే దాని వెల దించినవన్నమాట!

పేరు వచ్చినది గాని ఇల్లు ఖాళీ. ఇంటర్నెట్ ఆర్కైవ్‌వారి వేబ్యాక్ మెషీన్‌లో పాత పుటలు కొన్ని దొరికినవి. ప్రశ్నపత్రాలు తిరిగి టైపు చేశాము. పద్యాల గొంతు అక్కడ లేదు. ఇంటింటికీ అడుగగా ఒక తండ్రి పాత సెల్‌ఫోనులో తొమ్మిది దొరికినవి. నలభైలో తొమ్మిది. మీలో ఎవరివద్దనైనా మిగిలినవి ఉంటే దయచేసి పంపండి.

ఈసారి పేరును మా సంఘం పేరున, పదేండ్లకు, 2033 వరకు నమోదు చేశాము. పదకొండుమంది ఉపాధ్యాయులము తలా కొంత వేసుకొన్నాము. అక్క వెయ్యి రూపాయలు ఇచ్చినది, వద్దన్నా వినలేదు. హెచ్చరికలు ముగ్గురి ఈమెయిళ్ళకు వచ్చేట్లు ఏర్పాటు చేశాము. నేను అప్పటికి పదవీ విరమణ చేసి ఉంటాను గనుక, గడువు తేదీని బడి సామానుల రిజిస్టరులో కూడ వ్రాయించాను, బెంచీలు, గ్లోబు, తక్కెడ తరువాత. వస్తువు: పేరు. సంఖ్య: 1. ఉన్న స్థలం అనే గడిలో ఏమి వ్రాయాలో తోచక గుమాస్తా నన్ను అడిగాడు. ఖాళీగా ఉంచమన్నాను.

కాగితపు ముక్కలు మాత్రం ఇంకా పూర్తిగా ఊడిరాలేదు. మైదాపిండి జిగురు గట్టిది. పిల్లలు గోళ్ళతో గీకుతున్నారు.