కథోలిక ధర్మము - ఇంటి బరువు

రోమను కథోలికుల నీతిశాస్త్రమనగానే మనవారిలో పెక్కండ్రకు పాపముల పట్టిక యొకటి తోచును. శుక్రవారము మాంసము తినరాదు, గురువు చెవిలో తప్పులు చెప్పుకొనవలెను, విడాకులు కూడవు - ఇంతటితో మన యెఱుక ముగియును. ఉదయము కాళిదాసును, మధ్యాహ్నము ఆంగ్ల వ్యాసములను బాలురకు బోధించి పొట్టపోసికొను మాబోటివారికి పోపుగారి లేఖలతో నేమి పనియని చదువరులడుగవచ్చును. పని కలిగినది. అది యెట్లు కలిగినదో ముందు చెప్పెదము. వారి గ్రంథములను గొన్ని యేండ్లుగా తిరుగవేయగా మాకు తోచినదొకటి కలదు. ఆ శాస్త్రము ఒంటరి మనుజునిగాక వాని యింటిని లెక్కలోనికి దీసికొన్నచోట మిక్కిలి వివేకముగా మాటలాడును. ఇంటి మాట వినిపించుకొననిచోట తడబడును.

వడ్డీ సంగతి చూడుడు. శ్రీసభ - కథోలికులు తమ సంఘమున కిడుకొన్న పేరిది - మధ్యయుగమున వడ్డీని బొత్తిగా నిషేధించెను. 13వ శతాబ్దమున థామస్ అక్వైనస్ చెప్పిన హేతువు మన తార్కికులకు ముచ్చట గొల్పునది. ఇల్లు అద్దెకిచ్చినచో ఇల్లు మిగులును గనుక వాడుకకు వేఱుగా వెల పుచ్చుకొనవచ్చును. గోధుమలును ద్రాక్షారసమును అట్టివి కావు, వాడిన నవియే పోవును. ధనమును వాడుట యనగా వ్యయించుటయే. కావున అసలును, దానిపై వాడుక వెలయు రెండును పుచ్చుకొనువాడు ఒకే సరకును రెండుమార్లమ్మినవాడు. మన స్మృతులు వేఱు త్రోవ తొక్కినవి. మనువు నెలకు అసలులో 80వ వంతు, అనగా నూటికి రూపాయి పావలా, వడ్డీ నంగీకరించి, కూడబెరిగిన వడ్డీ అసలును మించరాదని కట్ట వేసెను. ఈ విషయమున మేము మనువు పక్షమే. వలదన్న వడ్డీ చాటుగా మఱింత పెరుగునని యే పల్లెటూరివాడైనను చెప్పగలడు. ఆ సంగతి ఇటలీ సన్యాసులకును తెలిసివచ్చినది. 1462లో పెరూజా నగరమున ఫ్రాన్సిస్కనులు పేదలకు తాకట్టుపై అప్పిచ్చు ధర్మనిధి నొకదానిని నెలకొల్పి, ఖర్చులకు మాత్రము స్వల్పమైన వడ్డీ పుచ్చుకొనిరి. అదియు వడ్డీయేయని డొమినికనులు గోలపెట్టిరి. తుదకు 1515లో పదవ లియో పోపు ఆ నిధులు ధర్మ్యములేయని తీర్మానించెను. పొయ్యిలో పిల్లి లేవని యిండ్లు గెలిచినవి. ఆ నిధులకై యూరూర బోధించిన సన్యాసులలో గొందఱు యూదులపై జనమును రెచ్చగొట్టిరను మాటయు దాచదగినది కాదు.

కూలివిషయమున వారి యాలోచన మఱింత లోతైనది. పదమూడవ లియో పోపు 1891లో వెలువరించిన విశ్వలేఖలో, యజమానియు కూలివాడును ఒప్పుకొన్నంతమాత్రమున కూలి న్యాయమైనది కాదని చెప్పెను. మితముగా బ్రతుకువాని పోషణకును చాలని కూలికి ఎవడైన నొప్పుకొనెనేని, వాడొప్పుకొన్నది స్వేచ్ఛచేత గాదు, గతిలేక. 1931లో పదునొకండవ పయస్ పోపు ఆలుబిడ్డల పోషణమునుగూడ స్పష్టముగా అందు చేర్చెను. వినుటకు బాగుగనే యున్నది. కాని ఒకే యంత్రముకడ ఒకే పని చేయు వారిద్దఱిలో నొకడు బ్రహ్మచారి, ఇంకొకనికి అయిదుగురు బిడ్డలు. బిడ్డలవానికి హెచ్చుగా నిచ్చు యజమాని నష్టపడును. నష్టపడుటకిష్టములేనివాడు బ్రహ్మచారులనే పనిలో బెట్టుకొనును. దయ చూపబోయి సంసారి నోట మన్ను కొట్టినట్లగును.

ఈ చిక్కును విప్పినవాడు పండితుడు గాడు. ఫ్రాన్సులోని గ్రెనోబుల్ పట్టణమున నొక కార్ఖానాను నడపుచుండిన ఎమీల్ రొమానే యను భక్తుడగు కథోలికుడు. 1916లో, యుద్ధకాలపు ధరలు మండిపోవుచుండగా, ఆయన పనివారి యిండ్ల జమాఖర్చులు విచారించెను. బిడ్డలు లేనివారికి సరిపోవు కూలి బిడ్డలవారికి చాలకుండుట కనబడెను. కూలికి పైగా బిడ్డల లెక్కనుబట్టి భత్యమిచ్చు ఏర్పాటు చేసెను. తరువాత 1918లో ఆ యూరి యజమానులు కలిసి యొక ఉమ్మడి నిధి పెట్టిరి. తనయొద్ద సంసారు లెందఱున్నను లేకున్నను ప్రతివాడు నిధికి తన వంతు కట్టవలెను; భత్యము నిధినుండి పోవును. ఇక బ్రహ్మచారులను వెదకి పెట్టుకొన్నందువలన యజమానికి దమ్మిడీ లాభము లేదు. 1932లో ఈ పద్ధతి ఫ్రాన్సు దేశమునకంతకును చట్టమైనది. పరస్పర ప్రేమను గూర్చి నూఱు ఉపన్యాసము లిచ్చుటకంటె ఈ పద్దుపుస్తక మెక్కువ పని చేసెనని మా నమ్మకము.

అయితే ఆ లేఖలు తలచిన యింటిలో మగవాడు సంపాదించును, ఆడుది వంట చేయును. పోషణకు చాలక తల్లి బయటి పనికి పోవలసివచ్చుట ఘోరమైన దురాచారమని 1931 నాటి లేఖ పలికినది. గతిలేక పోవుటను గూర్చి యైనచో మాట నిజమే. ఇష్టపడి పోవు తల్లి వారి తలంపునకు రాలేదు. మా భార్యయు నుద్యోగినియే; ఆమె జీతము మా జీతముకంటె నెక్కువ. ఈ వాక్యమును ఆమెకు చదివి వినిపించితిమి. ఆమె నవ్వి, ఆ పోపుగారికి పిల్లల ఫీజులు కట్టు పని లేదు గదా యనినది.

ఇక మా పని సంగతి. నాలుగేండ్ల క్రిందట మా తండ్రిగారికి ఊపిరితిత్తుల వ్యాధి ముదిరినది. వయస్సు 79. పట్టణములోని యాసుపత్రిలో వైద్యుడు మమ్ములను ప్రక్కకు బిలిచి, ఊపిరి తానై యాడుట కష్టముగా నున్నది, వెంటిలేటరు పెట్టవలెనా చెప్పుడని యడిగెను. పెట్టినచో మరల దానినుండి విడివడు ఆశ మిక్కిలి తక్కువయనియు దాచక చెప్పెను. దినమునకగు ఖర్చు మా నెలజీతములో సగమునకు మించినది. మా యన్నగారు కన్నీరు పెట్టుకొని, "ఒరే తమ్ముడూ, ఎకరమున్నర ఉంది, అమ్మేద్దాం" అనిరి. ఆ యెకరమున్నరమీదనే మా తల్లిగారి తిండియు, అన్నగారి కూతురి చదువును ఆధారపడియున్నవి. బంధువులలో నొకరు మెల్లగా, డబ్బుకు చూచుకొని తండ్రిని వదలుకొన్నారను మాట రాకుండ చూచుకొనుడనిరి. ఆ రాత్రి మాకు నిద్ర లేదు. చదువుకొన్న శాస్త్రమేమి చెప్పునని మనస్సులో వెదకికొంటిమి. చరకుడు గుర్తునకు వచ్చెను. అసాధ్యవ్యాధికి చికిత్స చేయబూనిన వైద్యుడు ధనమును, విద్యను, యశస్సును పోగొట్టుకొనునని యాయన హెచ్చరిక. వైద్యునికేమగునో చెప్పెను, ఎకరమున్నర కేమగునో చెప్పలేదు.

మా పాఠశాలలోనే లెక్కలు చెప్పు కథోలిక మిత్రుడొకడు మఱునాడాసుపత్రికి వచ్చి, పండ్రెండవ పయస్ పోపు 1957 నవంబరు 24న వైద్యులకు చేసిన ప్రసంగము నొకదానిని మా చేతికిచ్చెను. రోగిని యంత్రముతో నూపిరాడించుచు నెంతకాలముంచవలెనని మత్తుమందు వైద్యులే ఆయనను ప్రశ్నించిరట. ప్రాణమును రక్షించుకొనుట విధియే. కాని ఆ విధి సాధారణోపాయములవఱకే. దేశకాలములనుబట్టి, మనుష్యులనుబట్టి, తనకుగాని యితరులకుగాని మోయరాని బరువు కానిదే సాధారణోపాయము. అంతకు మించిన దానిని చేయవచ్చును, చేయకున్న దోషము లేదు. రోగి యనుమతి లేక వైద్యునికి స్వతంత్రాధికారమును లేదు. ఈ భేదము ఆయన కల్పించినదిగాదు. 16వ శతాబ్దమున స్పెయిను దేశపు పండితుడు ఫ్రాన్సిస్కో దె విటోరియా, కోడిమాంసము తిన్ననే బ్రతుకుదువని వైద్యుడు చెప్పినను, అంత ఖరీదగు తిండి తినితీరవలెనను విధి రోగికి లేదని వ్రాసెను. కోడిమాట మాకు నవ్వు పుట్టించినది. ఆ దినములలో మేము నవ్వినది అదియొక్కసారియే.

ఇతరులకుగాని యను నా మాటకడ మేము చాలసేపు నిలిచిపోయితిమి. రోగి మంచమును, ఇంటి పెట్టెను, తల్లి తిండిని ఒకే త్రాసులో బెట్టుట పాపముగాదని చెప్పు ధర్మశాస్త్రమొకటి కలదని మాకంతవఱకు తెలియదు. అన్నగారికి చదివి తాత్పర్యము చెప్పితిమి. ఆయన వెంటనే ఒప్పుకొనలేదు. "ముందు నాయన నడుగుదాం" అనిరి. అడిగితిమి. తండ్రిగారు తెలివిలోనే యుండిరి. "ఆ గొట్టాలు వద్దు నాయనా. ఇంటికి పోదాం" అని చేయి చూపిరి. ఇంటికడ ప్రాణవాయువు సిలిండరు పెట్టించి, ఆయాసము తెలియకుండుటకు వైద్యుడు వ్రాసిన మందిచ్చుచు 11 దినములు గడిపితిమి. బాధనణచు మందువలన ఆయువు కొంత తగ్గినను, ఉద్దేశము బాధ తీర్చుటయేయైన దోషము లేదని అదే సంవత్సరము ఫిబ్రవరిలో ఆ పోపే చెప్పియుండెను. మన సుప్రీంకోర్టు 2018 మార్చి 9న, మరణోన్ముఖుడైనవాడు ఇట్టి చికిత్సను నిరాకరించు హక్కును, ముందుగా పత్రము వ్రాసియుంచుకొను హక్కును గుర్తించెను. 2023లో ఆ విధానమును సులభము చేసెను. పత్రము వ్రాసియుంచిన యిల్లు మేమెఱిగినంతలో నింకను కనబడలేదు.

నియమము అవసరమునకు దారియిచ్చిన ఉదాహరణము మన గుంటూరులోనే కలదు. మఠకన్యలు వైద్యము, అందును శస్త్రచికిత్సయు ప్రసూతిచికిత్సయు, చేయరాదని శ్రీసభలో పూర్వము కట్టుబాటుండెను. మగవైద్యునికి చేయి చూపుటకొప్పుకొనక స్త్రీలు మనదేశమున చనిపోవుచుండిరి. ఆస్ట్రేలియాలో వైద్యపట్టభద్రురాలగు మేరీ గ్లౌరీ 1920లో గుంటూరు చేరి, పోపుగారి ప్రత్యేకానుమతితో మఠదీక్షయు వైద్యమును రెండును నిర్వహించెను. 1943లో కథోలిక వైద్యశాలల సంఘమును దేశమంతటికి నెలకొల్పినదియు నామెయే. ఆ పాత కట్టుబాటును రోము 1936లోనే సడలించెను. పురుటింటి కేక చెవినిబడినచో రోము కూడ కదలుననుట కింతకంటె సాక్ష్యమేల?

మఱి అదే పురుటిల్లు వేఱొక మాట యడిగినప్పుడు ఎందుకు కదలలేదు? గర్భనిరోధమును గూర్చి చెప్పుచున్నాము. దినములు లెక్కించుకొని దూరముగా నుండుట ధర్మ్యమనియు, మందుగాని సాధనముగాని వాడుట యధర్మమనియు వారి తీర్పు. దీనిని మరల విచారింప నేర్పడిన సంఘమున పండితులతోబాటు దంపతులునుండిరి. చికాగోనుండి వెళ్లిన క్రౌలీ దంపతులు కథోలిక కుటుంబములవారు తమ సంసారపు యిబ్బందులను వ్రాసిన ఉత్తరములను తీసికొనిపోయి సభలో నుంచిరి. 1966లో సంఘములోని యధికసంఖ్యాకులు నియమము మారవలెననిరి. 1968లో ఆఱవ పాల్ పోపు మారదనెను. తండ్రిగారి మంచముకడ మాకంత తోడైన శాస్త్రము, ఆఱవ కాన్పునకు భయపడు తల్లి మంచముకడ బరువు లెక్క కట్టలేదు. కోడిమాంసపు ఖరీదును తూచిన త్రాసు అక్కడ నెందుకు మూలబడెనో మాకింతవఱకు బోధపడలేదు.

ఐర్లండులో దీని ఫలము ప్రత్యక్షమైనది. తల్లులకును, 16 ఏండ్లలోపు బిడ్డలకును ఆస్తిపాస్తులు విచారింపక ఉచితవైద్యమియ్యవలెనని ఆరోగ్యమంత్రి నోయెల్ బ్రౌన్ పథకము వేయగా, బిడ్డల యారోగ్యము తలిదండ్రుల బాధ్యత, రాజ్యము కుటుంబపు హక్కును లాగికొనరాదని బిషప్పులడ్డుపడిరి. రాబడి పోవునని వైద్యులును వారితో కలిసిరి. 1951 ఏప్రిలులో మంత్రి రాజీనామా యిచ్చెను. ఇంటి హక్కు పేరనే యింటికి రావలసిన మందును త్రిప్పిపంపినట్లయినది. గర్భనిరోధ సాధనముల యమ్మకమును దిగుమతిని ఆ దేశము 1935లోనే నిషేధించియుండెను. 1979 చట్టము కొంత సడలించువఱకు అమ్మకపు నిషేధము నిలిచినది. నడుమ 1971 మే 22న, 40 మందికి పైగా స్త్రీలు డబ్లిన్ నుండి రైలెక్కి, అవి చట్టబద్ధముగా దొరకు బెల్‌ఫాస్టుకు పోయి కొనితెచ్చిరి. గర్భనిరోధపు మాత్రలకు వైద్యుని చీటి కావలసియుండుటచే అవి దొరకలేదు. అందుచేత తలనొప్పికి వాడు ఆస్పిరిన్ బిళ్లలు కొనివచ్చి, డబ్లిన్ స్టేషనులో సుంకపు టుద్యోగుల యెదుట చేతులెత్తి చూపిరి. ఏ మాత్ర యేదో ఆ మగవారికి తెలియదు, త్రోవ విడిచిరి.